మిద్దె మీద జునిపర్: తిరుపతిలో ఒక తొలి మొక్కకు తీగ చుట్టిన కేస్ స్టడీ

బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టి చెట్టులా మలచడానికి తెచ్చిన ఈ కేసులోని మొక్క జునిపెరస్ ప్రొకంబెన్స్ నానా అనే జునిపర్. నేలబారుగా పాకే పొట్టి రకం, ఆకులు సూదుల్లా చేతికి గుచ్చుకుంటాయి. ఆగస్టులో నర్సరీ నుంచి నల్ల కవరులో, గట్టిపడిన ఎర్రమట్టి ముద్దతో వచ్చింది. మట్టి దగ్గర మాను మందం 22 మి.మీ., ఎత్తు 28 సెం.మీ., కొమ్మలు అడ్డంగా 50 సెం.మీ. దాకా పరుచుకున్నాయి. ఉంచిన చోటు భైరాగిపట్టెడలో ఒక ఇంటి మిద్దె. పొద్దున ఏడు నుంచి ఎండ, మధ్యాహ్నం రెండు దాటాక వాటర్ ట్యాంకు నీడ పడుతుంది. యజమాని బోన్సాయ్‌కి పూర్తిగా కొత్త. వారు అడిగింది ఒకటే: ఆ వారంలోనే కత్తిరించి, కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టి, లోతు తక్కువ కుండీలోకి మార్చేయాలని.

మూడు పనులూ ఒకేసారి చేస్తే ఈ మొక్క బతకదు. చచ్చిన సంగతి వెంటనే తెలియదు కూడా. వేరు పనిచేయడం మానేశాక కూడా జునిపర్ ఆకు కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. ఆ రంగును నమ్మి నీళ్లు పోస్తూనే ఉంటారు. ఒకరోజు ఆకు బూడిదరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. "నిన్నటిదాకా బాగుంది, ఈ ఎండకు పోయింది" అంటారు. నిజానికి అది పోయి ఎన్నో వారాలై ఉంటుంది. అందుకే పనిని విడగొట్టాం: మొదటి చలికాలంలో కత్తిరింపు, తీగ. ఎండాకాలమంతా కాపాడుకోవడమే. కుండీ మార్పు రెండో చలికాలంలో.

మన వైపు బోన్సాయ్ మొదలుపెట్టేవాళ్ల చేతికి ముందుగా వచ్చేవి మర్రి, రావి, జువ్వి, బోగన్‌విల్లా. వీటిని మోడుగా నరికినా మళ్లీ చిగురేస్తాయి. ఆ అలవాటు జునిపర్ దగ్గర పనికిరాదు. దీని బలం ఆకులోనే ఉంటుంది, అందులోనూ కొమ్మ కొసల్లో. కొమ్మ మీద ఒక్క పచ్చ రెమ్మ కూడా మిగలకపోతే ఆ కొమ్మ ఎండిపోతుంది, ముదురు బెరడు నుంచి కొత్త చిగురు రావడం అరుదు. కాబట్టి కత్తెర పట్టుకున్నప్పుడు చూసుకోవాల్సింది ఏ కొమ్మ మీద ఎంత పచ్చదనం మిగులుతోందన్నది.

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా

ఈ నాలుగు నెలలూ మొక్కకు చేసింది చాలా తక్కువ, చేయకుండా ఆపింది ఎక్కువ. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క కాబట్టి మొదటి రెండు వారాలు పొద్దుటి ఎండ మాత్రమే చూపించి, తర్వాత రోజుకు ఐదారు గంటల నేరు ఎండకు మార్చాం. ఇంట్లో టీపాయ్ మీద పెట్టిన జునిపర్ ఎంత బాగా చూసుకున్నా పోతుంది. దానికి ఆరుబయటే కావాలి.

అసలు చిక్కు నీటిది. ఎర్రమట్టి ముద్ద ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. పైన పోసిన నీరు కవరు అంచు వెంట జారి కింది చిల్లుల్లోంచి వచ్చేస్తుంది. తడిసిందనుకుంటాం, లోపల మట్టి పొడిగానే ఉంటుంది. సన్నటి ఇనుప చువ్వతో మట్టిలో ఏడెనిమిది చోట్ల నిలువుగా పొడిచి, కవరును బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచితే ముద్ద మొత్తం తడిసింది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలవగానే కథ తిరగబడింది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పటిలాంటి వాన పడితే ఇదే మట్టి నీటిని రోజుల తరబడి పట్టి ఉంచి వేరు కుళ్లిస్తుంది. అడుగున అదనంగా ఆరు చిల్లులు వేసి, కవరును ఇటుక మీద ఒక పక్కకు వాల్చి ఉంచాం. ఆ ఏటవాలే నీటిని బయటికి లాగేసింది.

పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే నెలలు చలిదేశాలవి. అక్కడ మొక్క మంచులో నిద్రపోయి వసంతంలో మేలుకుంటుంది. తిరుపతిలో జనవరి రాత్రులు కూడా 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఇక్కడ జునిపర్ పూర్తిగా నిద్రపోదు, కాస్త నెమ్మదిస్తుంది. ఆ నిద్ర చాలనందువల్ల ఇక్కడి మొక్క చల్లటి ఊళ్లలోలాగా దట్టం కాదు. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు పెంచేవాళ్లకు ఈ లోటు తక్కువ. వానలు వెనకపట్టాక డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు దాకా మనకు పని కాలం. అప్పుడు చేస్తే ఎండలు ముదిరేలోగా మొక్క తేరుకోవడానికి రెండు నెలలకు పైగా దొరుకుతాయి. మార్చిలో చేస్తే ఆ వ్యవధి ఉండదు.

కత్తెరకు ముందు, కత్తెరతో

డిసెంబరులో తీగ చుట్టే ముందు రోజు నీళ్లు పోయలేదు. నీరు నిండిన కొమ్మ పెళుసుగా విరుగుతుంది, కాస్త వాడిన కొమ్మ వంగుతుంది. పైమట్టిని చెక్కపుల్లతో 2 సెం.మీ. లోతు గీకి తీస్తే మాను మొదలు, రెండు లావు వేర్లు బయటపడ్డాయి. ఈ పని చేయకుండా ముందు వైపు ఏదో నిర్ణయించకూడదు. మొక్క అందం మొదలయ్యేది ఆ వేర్ల దగ్గరే. మాను అక్కడి నుంచి కుడివైపు వాలుతోంది, కాబట్టి వాలు శైలి ఎంచుకున్నాం. నిటారుగా నిలబెట్టాలని పాకుడు రకంతో పోట్లాడటం కంటే అది పోయే దారిలోనే పోనివ్వడం మేలు.

మొదట శుభ్రం. లోపల నీడకు ఎండిన గోధుమరంగు ఆకు, కొమ్మల చంకల్లో మొలిచిన సన్న రెమ్మలు, కొమ్మ కిందికి వేలాడేవి, ఇవన్నీ తీశాక మొక్క ఎముక కనిపించింది. తీసేటప్పుడు కత్తెర మొనతో ఒక్కొక్కటి కోయాలి. వేళ్లతో దూస్తే బెరడు చీరుతుంది. తర్వాత కొమ్మల ఎంపిక. ఒకే చోట నాలుగు కొమ్మలు పుట్టినచోట మాను ఉబ్బుతుంది కాబట్టి అక్కడ రెండే ఉంచాం. ముందుకు, చూసేవారి ముఖం మీదికి వచ్చే లావు కొమ్మ ఒకటి తీసేశాం. దాన్ని మానుకు ఆనించి కోయలేదు. 6 సెం.మీ. మొండెం వదిలి, ప్లయర్‌తో బెరడు నలిపి ఒలిచి, చివర పీచులుగా లాగాం. జపనీయులు దీన్ని జిన్ అంటారు. మొండెం వదలడంలో ఇంకో లాభం ఉంది: తప్పు కొమ్మ తీశామని తర్వాత అనిపించినా, మాను మీద గాయం ఉండదు. ఎండిన ఈ కర్రకు లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిసిన ద్రావణం) పూస్తే తెల్లబడి, పుచ్చకుండా నిలుస్తుంది. వాసన ఘాటు, చేతులకు గ్లవ్స్ కావాలి, మట్టి మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. ఈ మొక్కకు ఆ పని కర్ర బాగా ఎండాక ఫిబ్రవరిలో చేశాం.

మొత్తం పచ్చదనంలో మూడో వంతుకు మించి తీయలేదు. యజమానికి ఇంకా చాలా తీయాలని ఉండింది. వీడియోలో చూపించే మొక్కలు ఏళ్ల తరబడి మంచి మట్టిలో బలపడినవి. కవరులోంచి వచ్చిన మొక్కకు ఆ కోత తట్టుకునే వేర్లు ఉండవు. అతిగా కోస్తే, పొలుసాకు వేసే చైనీస్ జునిపర్, అందులోని షింపాకు రకాలైతే మళ్లీ సూదిలాంటి ముల్లాకు వేసి ఏడాది రెండేళ్లు రూపం చెడగొడతాయి. ఈ నానా రకానికి ఎలాగూ ముల్లాకే కాబట్టి ఆ గుర్తు కనిపించదు. నేరుగా కొమ్మలు ఎండటం మొదలవుతుంది.

తీగ

బోన్సాయ్ కోసమే అమ్మే అనోడైజ్డ్ అల్యూమినియం తీగ తెప్పించాం: 4 మి.మీ. ఒక మీటరు, 2.5 మి.మీ. మూడు మీటర్లు, 1.5 మి.మీ. నాలుగు, 1 మి.మీ. ఆరు మీటర్లు. అది దొరక్కపోతే మోటార్ వైండింగ్ షాపుల్లో అల్యూమినియం తీగ అడగవచ్చు. అక్కడ గేజ్ లెక్క: 8 గేజ్ దాదాపు 4 మి.మీ., 12 గేజ్ 2.6, 16 గేజ్ 1.6, 19 గేజ్ 1 మి.మీ. రాగి తీగ జునిపర్‌ను ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది కానీ ఒకసారి వంచాక బిగుసుకుపోతుంది, సరిదిద్దుకునే వీలు తక్కువ. నేర్చుకునే చేతికి అల్యూమినియమే నయం. స్లాబ్ కడ్డీలు కట్టే బైండింగ్ వైర్ మాత్రం వద్దు. తుప్పు పడుతుంది, సన్నదై బెరడును కోస్తుంది.

మందం లెక్క సులువు: కొమ్మ మందంలో మూడో వంతు. ఈ మొక్కలో మాను పైభాగం 11 మి.మీ., దానికి 4 మి.మీ. తీగ. ఎడమ, కుడి పెద్ద కొమ్మలు 7, 6 మి.మీ., వాటికి 2.5. వెనక కొమ్మ 4 మి.మీ., దానికి 1.5. రెమ్మలకు 1 మి.మీ. అనుమానం వస్తే తీగ కొసతో కొమ్మను నెట్టి చూడాలి. కొమ్మ కదలకముందే తీగ వంగిపోతే అది చాలదు. పొడవు, చుట్టాల్సిన కొమ్మకు ఒకటిన్నర రెట్లు కోసుకోవాలి.

చుట్టే వరుస మాను, పెద్ద కొమ్మలు, చిన్న కొమ్మలు, రెమ్మలు. లావు తీగ ముందు, సన్నది తర్వాత. మాను తీగ కొసను వెనక వైపు మట్టిలోకి అడుగు దాకా గుచ్చి, అక్కడి నుంచి పైకి చుట్టాం. పట్టు లేని తీగ ఎన్ని చుట్లు చుట్టినా పనిచేయదు, కొత్తవాళ్ల తీగల్లో ఎక్కువగా చూసే లోపం ఇదే. కొమ్మల దగ్గర పట్టు కోసం ఒకే తీగతో రెండు కొమ్మలు చుట్టాలి. మధ్యలో అది మానును కనీసం ఒక పూర్తి చుట్టు చుట్టాలి. ఎదురెదురుగా ఒకే ఎత్తులో ఉన్న రెండు కొమ్మలకు చుట్టు లేకుండా తీగ వేస్తే, ఒకటి వంచినప్పుడు రెండోది పైకి లేస్తుంది. ఇక్కడ ఎడమ కొమ్మను, దానికి 3 సెం.మీ. పైన ఉన్న కుడి కొమ్మను జత చేశాం.

తీగ కొమ్మ మీద 45 డిగ్రీల వాలులో సాగాలి. చుట్లు దగ్గరైతే స్ప్రింగులా సాగి పట్టు పోతుంది, దూరమైతే వంపు దగ్గర ఆసరా ఉండదు. బెరడును తాకి ఉండాలి, నొక్కకూడదు. కొమ్మను మాను దగ్గర కిందికి దించాలనుకుంటే తీగ చంకలోంచి కొమ్మ పైభాగం మీదుగా రావాలి, పైకి లేపాలనుకుంటే కింది నుంచి. దీన్ని పట్టించుకోకపోతే చంక చీలుతుంది. రెండు తీగలు ఒకే కొమ్మ మీద పోవాల్సివస్తే పక్కపక్కనే జంటగా పోవాలి, ఒకదాన్ని ఒకటి దాటితే ఆ దాటిన చోటే బెరడులోకి దిగుతుంది. ఆకును తీగ కింద నలిపేయకుండా చేతి వేళ్లతో పక్కకు తప్పిస్తూ పోవాలి. నానా ఆకు గుచ్చుకుంటుందని తొందరపడితే సగం రెమ్మలు తీగ కింద చిక్కుకుంటాయి, రెండు వారాల్లో అవి పసుపెక్కుతాయి. రెమ్మ కొసకు వచ్చాక తీగను చిన్న కొక్కెంలా మడిస్తే జారదు.

వంచడం

రెండు బొటనవేళ్లు వంపు లోపల, మిగతా వేళ్లు బయట. వంపు బయటి అంచున తీగ ఉండాలి, చీలేది అక్కడే కాబట్టి. తీగ చుట్టిన దిశలోనే కొమ్మను కొద్దిగా మెలితిప్పుతూ వంచితే తీగ బిగుస్తుంది, ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. ఒక్కసారిగా కాదు: కొంచెం వంచి, ఆగి, చేతికి కొమ్మ మెత్తబడినట్టు తెలిశాక ఇంకొంచెం.

ఎడమ కొమ్మ దగ్గర చిటుక్కుమంది. 7 మి.మీ. కొమ్మను యజమాని ఒకే ఊపులో కిందికి దించారు, పైగా మధ్యలో రెండు చుట్లు దూరమై వంపు బయట తీగ లేదు. చీలిక మందంలో మూడో వంతు దాకా పోయింది. వెనక్కి నిటారు చేయాలన్న ఆత్రం ఆపుకోవాలి, తిరిగి లాగితే చీలిక పెద్దదవుతుంది. ఉన్న చోటే నిలిపి, గ్రాఫ్టింగ్ టేపుతో గట్టిగా చుట్టి, గాలి సోకకుండా చేసి, ఆ కొమ్మను ఇంక ముట్టుకోలేదు. జునిపర్ ఇలాంటి గాయాలను బాగానే మాన్పుకుంటుంది, సగానికి పైగా బెరడు అతుక్కుని ఉంటే ఆశ ఉంది. ఏప్రిల్‌లో టేపు విప్పితే చీలిక అంచున కొత్త బెరడు ఉబ్బుగా కనిపించింది. ఇంతకంటే లావు కొమ్మలు వంచాలంటే ముందే తడి పురికొసను దగ్గర దగ్గరగా చుట్టి, దాని మీద తీగ వేయాలి. సైకిల్ ట్యూబు ముక్క బెరడు మీద పెట్టి, గై వైర్‌తో, అంటే కొమ్మను కింద ఒక చోటికి కట్టే తీగతో, కిందికి లాగి, కొన్ని వారాలకోసారి కాస్త కాస్త బిగించడం ఇంకో పద్ధతి.

కొమ్మలు దించాక ఆకు గుంపులను అరచేయి పరిచినట్టు అడ్డంగా సర్దాం. పైకొమ్మ కింది కొమ్మ మీద పూర్తిగా నీడ వేయకూడదు. కింది కొమ్మలకు ఎండ అందకపోతే రెండో ఏడాది అవి చచ్చి మొక్క గొడుగులా మిగులుతుంది. కుడి కొమ్మకు చివర ఒక్క కుచ్చు ఆకు మాత్రం మిగిల్చి, ఆరేడు సెంటీమీటర్ల మేర మిగతా ఆకంతా యజమాని తర్వాత సొంతంగా తీసేసి బోడి చేశారు. అది ఫిబ్రవరి దాటకుండా ఎండిపోయింది. అంత పొడవు కొమ్మను మోయడానికి ఒక కుచ్చు ఆకు చాలదు. ఎండిన దాన్ని కూడా జిన్ చేసి ఉంచాం, ఆ ఖాళీని వెనక కొమ్మను ముందుకు తిప్పి పూడ్చాల్సి వచ్చింది.

వేసవి

తీగ చుట్టాక మూడు వారాలు తెరపి నీడ, గాలి కొట్టని మూల. ఆకు మీద పొద్దున, సాయంత్రం నీరు చిలకరించడం. నెలపాటు ఎరువు లేదు. ఆ తర్వాత నానబెట్టిన వేరుశనగ చెక్క తేటను పదింతల నీళ్లతో కలిపి పదిహేను రోజులకోసారి, అదీ ఏప్రిల్ మొదటి వారం దాకానే. ముదురు ఎండలో ఎరువు వేరును కాలుస్తుంది.

మార్చి చివర ఆకు మెరుపు తగ్గి, లోపలి భాగం బూడిద పూసినట్టు కనిపించింది. యజమాని నీరు చాలలేదనుకుని పెంచారు. ఇలాంటప్పుడు ముందు తెల్లకాగితం పట్టి రెమ్మను తట్టి చూడాలి. కాగితం మీద చుక్కలు కదిలితే ఎర్రనల్లి. పొడి వేడి దానికి ప్రాణం, మిద్దె మీద ఆ వేడికి కొదవలేదు. మూడు రోజులకోసారి పైపుతో, ఆకు అడుగున తగిలేలా, కింది నుంచి పైకి గట్టిగా నీరు కొట్టించాం. నాలుగో విడతకు కాగితం మీద కదలిక ఆగింది. గంధకం మందు, వేపనూనె రెండూ పనిచేస్తాయి కానీ ఎండ ముదిరాక కొడితే ఆకు మాడుతుంది. అవి ఫిబ్రవరిలోపు, సాయంత్రం వేళకు పరిమితం.

ఏప్రిల్ రెండో వారం నుంచి 50 శాతం షేడ్‌నెట్. రోహిణి కార్తె దాటేదాకా అది తీయలేదు. ఎండకంటే స్లాబు వేడి ఎక్కువ హాని చేస్తుంది. నల్ల కవరు స్లాబు మీద ఆనితే లోపలి వేరు ఉడుకుతుంది. కవరును ఇటుకల మీద ఎత్తి, చుట్టూ తడిపిన గోనెపట్ట కట్టాం. నీళ్లు తెల్లవారుజామున, సాయంత్రం ఆరు తర్వాత. మధ్యాహ్నం పైపులోంచి వచ్చే మొదటి నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, దాన్ని వదిలేశాకే పట్టాలి.

తీగ విప్పడం

తీగ ఎంతకాలం ఉండాలన్నదానికి నెలల లెక్క చెప్పలేం. జునిపర్ వంపు నిలవడానికి ఏడాది పట్టవచ్చు, కానీ మన వైపు మొక్క చలిదేశాల్లోకంటే ఎక్కువ నెలలు పెరుగుతుంది, తీగ ముందే బెరడులోకి దిగుతుంది. రెండు వారాలకోసారి వంగి చూడాలి. బెరడు తీగకు ఇరువైపులా ఉబ్బడం మొదలైతే విప్పే సమయం. ఈ మొక్కలో జూలై వానలకు పెరుగుదల ఒక్కసారిగా పుంజుకుంది, మాను పైభాగంలో, ఎండ తగిలే వైపు, రెండు చుట్లు దిగాయి. కింది కొమ్మల మీద అప్పటికి జాడే లేదు. పైభాగం ఎప్పుడూ వేగంగా లావెక్కుతుంది, మొదట చూడాల్సింది అక్కడే.

తీగను వెనక్కి విప్పుతూ రాకూడదు. కటింగ్ ప్లయర్‌తో ప్రతి చుట్టునూ ముక్కలుగా కోసి తీయాలి. తీగ ఖరీదుకు కక్కుర్తిపడి విప్పబోతే మానిన కొమ్మ విరుగుతుంది. కోసేశాక మాను నాలుగో వంతు వెనక్కి లేచింది, దానికి మళ్లీ 4 మి.మీ. తీగనే పాత గాడికి పక్కగా, ఎదురు దిశలో చుట్టాం. లోతు తక్కువ మచ్చలు రెండు మూడేళ్లలో కలిసిపోతాయి.

కుండీ, రెండో జనవరి

కుండీ 25 × 18 × 7 సెం.మీ., రెండు నీటి చిల్లులు, వాటికి జాలి. మిశ్రమం: 3 నుంచి 6 మి.మీ. ఇటుక ముక్కలు రెండు పాళ్లు, జల్లెడలో నిలిచిన దొడ్డు ఇసుక ఒక పాలు, మాగిన ఆకుఎరువు అర పాలు. ఇటుక దుమ్మును కడిగి తీయకపోతే అడుగున బురదై చిల్లులు మూసుకుంటాయి. ఎర్రమట్టి ముద్దలో కింది మూడో వంతు రంపంతో కోశాం. మిగతాదానిలో ఒక సగం మట్టి మాత్రమే పుల్లతో దులిపాం, రెండో సగం ముట్టుకోలేదు. దాని వంతు ఇంకో రెండేళ్లకు. మొత్తం కడిగేస్తే మనవైపు వేసవికి ముందు కొత్త వేరు రావడానికి వ్యవధి చాలదు. చిల్లుల్లోంచి తీగ తెచ్చి వేరు ముద్దను కుండీకి కట్టేశాం. మొక్క గాలికి ఊగితే కొత్త వేరు కొస తెగుతూనే ఉంటుంది.

కొమ్మలకు రెండో విడత తీగ ఆ ఏడాది డిసెంబరుకు, వెనక కొమ్మకు 1.5 మి.మీ., రెమ్మలకు 1 మి.మీ. మాత్రమే. చీలి మానిన ఎడమ కొమ్మకు ఇంకో ఏడాది తీగ లేదు. అప్పటిదాకా యజమానికి అప్పగించిన పని కొసలు చూసుకోవడం: గుంపు గీత దాటి పొడవుగా పోయిన కొసలను మాత్రమే, ఒక్కొక్కటిగా, పక్క రెమ్మ పుట్టిన చోటు దాకా కత్తెరతో కోయాలి. అన్ని కొసలనూ వేళ్లతో గిల్లకూడదు.